తాళం ఒడుపు

ఫోను వచ్చినప్పుడు నా ఎడమచేతిలో కూరగాయల సంచీ ఉంది, కుడిచేయి తాళంచెవి మీద ఉంది. ఫోనేమో చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. అవతల ఎవరో ఆవిడ, "నీటి పరీక్షల ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నామండీ. మీరు సెలెక్టయ్యారు. ఎల్లుండి పొద్దున ఆరింటికి వచ్చి చేరండి" అంది.

"ఆఁ" అన్నాను.

అర్థమయ్యాక మళ్ళీ "ఆఁ!" అన్నాను. ఆ రెండో కేకతో పాటు నా మణికట్టు కూడా దానంతటదే ఒక్క తిప్పు తిప్పింది. టక్కుమని చప్పుడైంది.

పెళ్ళయి నలభై మూడు రోజులైంది. ఇన్నాళ్ళకి ఈ తలుపు నా చేతికి తెరుచుకుంది, ఉద్యోగమూ తాళమూ ఒకేసారి వచ్చేశాయి అనుకుని సంబరంగా చేయి వెనక్కి తీశాను. నా వేళ్ళ మధ్య తాళంచెవి తల మాత్రమే ఉంది. పళ్ళున్న భాగం తాళంలోనే ఉండిపోయింది.

అప్పుడు కూడా నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు దేనికైనా నవ్వొచ్చేది. మా ఆయన నోట్లో బ్రష్షు పెట్టుకుని గంభీరంగా ఏదో చెప్పబోతే నవ్వు. తడి దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టుకుని మెలితిప్పి పిండితే నవ్వు. గుమ్మం పక్కన విడిచిన మా చెప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడి ఉంటే అవి చూసి నవ్వు. మా తోడికోడలు నాకు 'కిలకిల' అని పేరు పెట్టింది. ముద్దుగా పెట్టిన పేరేమీ కాదు.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. లోపలివైపు గుబ్బ తిప్పితే చాలు, బయటి నుంచి మాత్రం తాళంచెవి కావాలి. గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉన్నారు.

"బెల్లు కొట్టొచ్చుగా. ఎలకలా ఆ గీకుడేంటి?" అని, నా చేతిలో ఉన్న ముక్క వంకా, తలుపులో ఉన్న ముక్క వంకా చూశారు. "విరగ్గొట్టావా?"

"ఉద్యోగం వచ్చిందత్తయ్యా!"

"నేనడిగింది అది కాదు."

"విరిగింది. కానీ ఉద్యోగం వచ్చింది. ఎల్లుండి నుంచే. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు."

"రెండింటికి వదిలితే ఇంటికి ఎన్నింటికొస్తావు?" అన్నారు అత్తగారు.

"రెండున్నరకి."

"నేను రెండు నుంచి నాలుగు వరకు పడుకుంటాను. ఇంటికి నిప్పంటుకున్నా లేవను. తెలుసుగా?"

తెలుసు. అది ఆ ఇంట్లో గోడకి మేకు కొట్టినంత గట్టి సంగతి. మామగారు పన్నెండింటికే గ్రంథాలయానికి వెళ్ళిపోయి నాలుగింటికొస్తారు. మా ఆయనా, బావగారూ సాయంత్రం ఆరు దాటాకే. మా తోడికోడలు ఒక కుట్టుపని నేర్పే చోట టీచరు. ఆవిడ మామూలుగా ఒంటిగంటకొచ్చేస్తుంది. ఏ రోజైనా రెండు దాటిందంటే, మూడో అంతస్తు మెట్ల మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నాలుగు దాకా కూర్చుంటుంది. పెళ్ళయిన వారానికే నేనొకసారి చూశాను. మా ఆయనతో కలిసి బజారు నుంచి వస్తూ, "అక్కా, లోపలికెళ్ళలేదేం?" అన్నాను. "గాలి కోసం" అంది. ఆ మెట్ల మీద గాలేమీ ఉండదు.

ఆవిడకి తాళంచెవి లేకపోలేదు. ఉంది. పెళ్ళయిన మర్నాడు అత్తగారు నాకు ఇచ్చినట్టే ఆవిడకీ ఇచ్చారు. "ఇక ఇది నీ ఇల్లమ్మా" అని గుండ్రటి ఇత్తడి రింగుతో సహా చేతిలో పెట్టారు. ఆ పూటంతా నేను దాన్ని వేలికి తగిలించుకుని గదిలో తిరిగాను. తీరా తలుపులో పెడితే లోపలికి దూరుతుంది గానీ తిరగదు.

"పాత తాళం కదా, దానికో ఒడుపుంది" అన్నారు అత్తగారు. "కొంచెం పైకెత్తి, కొంచెం ఎడమకి వాల్చి, అప్పుడు తిప్పాలి. చేతికి రావాలంతే. పెద్దదానికి ఆరేళ్ళయినా రాలేదు. నీకెన్నేళ్ళు పడుతుందో."

మా ఆయన తిప్పితే తిరిగేది. ఆయన తాళంచెవితో ఆయన తిప్పేవాడు. "నీదీ అదే, అలవాటవుతుందిలే" అని నా బుగ్గ గిల్లి లోపలికెళ్ళిపోయేవాడు. నాకా గిల్లుడు బాగుండేది. అందుకని ఆ సంగతి అక్కడితో వదిలేసేదాన్ని.

మా తోడికోడలు ఒంటిగంటకొచ్చి తలుపు చూసింది. "నేను ఆరేళ్ళు తిప్పినా విరగలేదు. నలభై రోజుల్లో విరగ్గొట్టావు. చదువుకున్న చెయ్యి కదా" అంది.

"నలభై మూడు రోజులక్కా."

"లెక్కపెట్టుకుంటున్నావా?"

"అక్కా, నాకు ఉద్యోగమొచ్చింది."

"విన్నాను. కిందింటివాళ్ళు కూడా విన్నారు. నేనుంటే తలుపు తీస్తానులే అని మాత్రం మనసులో పెట్టుకోకు. నాకెవరూ తీయలేదు. నేనూ ఎవరికీ తీయను."

అలా అని తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు బావగారు భోజనానికి ఇంటికొచ్చారు. ఇంట్లో ఏం చెడినా ముందు ఆయన చేయి పడాలి, తర్వాత అది నిజంగా చెడాలి. కటింగ్ ప్లేయరూ, పెద్ద స్క్రూడ్రైవరూ, ఒక సుత్తీ తెచ్చుకుని తలుపు ముందు కూర్చున్నారు. విరిగిన ముక్కని బయటికి లాగబోయి ఇంకా లోపలికి నెట్టారు. నెట్టినదాన్ని పెకిలించబోయి తాళం మొహం మీది ఇత్తడి రేకుని వంకర చేశారు. చివరికి, "ఇది ముందు నుంచీ నాసిరకం" అని తీర్పు చెప్పి, చేతులు కడుక్కుని, తన తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకెళ్ళిపోయారు. ఇక బయటి నుంచి ఏ తాళంచెవీ దూరే పరిస్థితి లేదు.

అత్తగారు చెప్పులేసుకున్నారు.

"మా అక్కయ్య ఇంటికెళ్తున్నాను. ఈ ఇంటికి తలుపూ తాళం అమరాక వస్తాను. మీరే పిలిపించుకోండి ఎవర్నో." తర్వాత నా వైపు తిరిగారు. "విరగ్గొట్టినవాళ్ళకి కొత్త తాళంచెవి చేయించే ఆచారం ఈ ఇంట్లో లేదు. మొగుడి దగ్గర తీసుకుందామని చూడకు. నా కొడుకు పెళ్ళాం ఉద్యోగం కోసం మెట్ల మీద కూర్చోడు."

ఆవిడ నడుముకి వేలాడే గుత్తిలో ఆవిడ తాళంచెవీ, మామగారి తాళంచెవీ రెండూ ఉంటాయి. గుత్తి గలగలలాడుతూ మెట్లు దిగిపోయింది.

నేను మా ఆయనకి ఫోన్ చేశాను. ఉద్యోగం మాట వినగానే ఆయన ఆఫీసులోనే ఏదో కింద పడేసిన చప్పుడైంది. "నా తాళంచెవి నువ్వు తీసుకో, నేను బెల్లు కొడతా" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "అమ్మకి తెలియకుండా" అన్నాడు. తెలియకుండా ఎలా తీసుకుంటానో, తెలియకుండా ఎలా బెల్లు కొడతాడో ఇద్దరమూ ఆలోచించలేదు. కాసేపు ఫోనులో నవ్వుకున్నాం. పెట్టేశాక తలుపు వంక చూశాను. తాళంచెవి లేకపోతే ఈ ఉద్యోగం వారం కూడా నిలవదు. రోజూ గంటన్నర మెట్ల మీద కూర్చునే మనిషిని చూసి, 'మానేయరాదూ' అని నలుగురూ అంటారు. ఐదో రోజుకి నాకే అనిపిస్తుంది.

మూడింటికి తాళాలాయన వచ్చాడు. ముక్కు మీదికి జారే కళ్ళజోడు, భుజానికో రేకుపెట్టె. తలుపు చూసి తల కొట్టుకున్నాడు.

"ఎవరు గీకారిది? గునపంతోనా?"

"మా పెద్దబ్బాయి కొంచెం ప్రయత్నం చేశాడు" అన్నారు మామగారు. ఆ పూట తాళం కోసం ఆయన గ్రంథాలయం మానుకున్నారు. ఆ బాధ మొహంలో కనబడుతోంది.

"ప్రయత్నం కాదండీ ఇది, కక్ష. తాళంచెవి దూరే లోపలి గొట్టం పోయింది. కొత్తది వెయ్యాలి."

"వెయ్యి. కానీ మా దగ్గరున్న తాళంచెవులే పట్టాలి. ఇంటెడుమందికి కొత్తవి పంచుకుంటూ కూర్చోలేం."

"పడతాయి. అదే కంపెనీ గొట్టం ఉంది నా దగ్గర. మీ తాళంచెవి పళ్ళకి తగ్గట్టు లోపలి పిన్నులు మారుస్తాను. ఏదీ, ఒకటివ్వండి."

మామగారు నడుం తడుముకున్నారు. అక్కడేమీ లేదు. ఆయన తాళంచెవి ఆ సమయంలో అత్తగారి నడుముకి, అక్కగారింట్లో సోఫాలో కూర్చుని ఉంది. కొడుకులవి ఆఫీసుల్లో ఉన్నాయి.

"నువ్వు ఎలాగూ ఆ ముక్క బయటికి తీస్తావుగా. దాంతో చెయ్యి."

"విరిగినదాన్ని నమ్మి చెయ్యనండీ. పోల్చుకోవడానికి నిండుదొకటి కావాలి."

"పెద్దకోడలా!" అని పిలిచారు మామగారు.

ఆవిడ బయటికొచ్చింది. సంగతి విని, "నాదెందుకు? దాంతో నాకెప్పుడూ పనే పడలేదు. వేరేవాళ్ళది అడగండి" అంది.

"వేరేవాళ్ళెవరున్నారిక్కడ? నీకు తలుపు తీయడమెలాగూ చేతకాదు. తాళంచెవైనా పనికి రానీ."

ఆవిడ మొహం ఎర్రబడింది. సంచీలోంచి తీసి పెట్టె మీదికి విసిరింది. ఆరేళ్ళయినా దాని పళ్ళు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. తాళాలాయన విరిగిన ముక్కని సన్నటి కొక్కెంతో ఒడుపుగా లాగి, ఆవిడ తాళంచెవి మీద పెట్టి వెలుతురుకేసి పట్టుకున్నాడు. పన్నుకి పన్ను సరిపోయింది.

"రెండూ ఒకటే. ఇక ఫరవాలేదు" అని గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత అరగంట నాకు పండగలా గడిచింది. పెట్టె మూతలో ఇత్తడి పిన్నులు ఒంపాడు. ఆవగింజంత పొట్టివి, బియ్యపుగింజంత పొడుగువి. వెంట్రుకల్లాంటి స్ప్రింగులు. ఒక్కొక్కటీ సన్నటి పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, గొట్టంలోని చిన్న చిన్న గుంటల్లో దించుతున్నాడు. నేను పక్కనే గొంతుక్కూర్చున్నాను.

"ఎందుకండీ ఒక్కోటి ఒక్కో పొడుగు?"

"తాళంచెవి పన్ను ఎక్కడ లోతుగా ఉంటే అక్కడ పొడుగుది, ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ పొట్టిది. తాళంచెవి పెట్టగానే అన్నీ ఒకే గీతకి రావాలి. ఒక్కటి వెంట్రుకవాసి అటూఇటూ అయినా గొట్టం తిరగదు."

"అన్నీ ఒకే గీతకి!" అన్నాను. నాకు ఎంతో బాగుంది ఆ మాట.

"దేనికమ్మా కిలకిలా ఆ నవ్వు?" అంది లోపలి నుంచి మా తోడికోడలు. "ఇల్లు విరగ్గొట్టి, మొగుడి తాళంచెవికి ఎసరుపెట్టి, అత్తగారిని గడప దాటించి, ఇంకా నవ్వే!"

"పిన్నులు చూసి నవ్వానక్కా."

"మేకులు చూసి కూడా నవ్వుతుంది" అంది గోడకేసి.

పని అవుతోంది కదా అని, మామగారు వినకుండా తాళాలాయనతో మెల్లగా, "నాకొకటి కొత్తది చేసిపెట్టగలరా?" అన్నాను. మామగారి చెవులు బాగా పనిచేస్తాయి. "ఆవిడ రానీ. ఆవిడ చెప్పకుండా ఈ ఇంట్లో తాళంచెవి పుట్టదు" అన్నారు పేపరు వెనక నుంచి.

ఐదింటికి తాళం అమరింది. తాళాలాయన తలుపు మూసి, మా తోడికోడలి తాళంచెవి పెట్టి తిప్పాడు. చప్పుడు కూడా కాలేదు. తెరుచుకుంది.

"మీరు చూడండమ్మా" అని ఆవిడకిచ్చాడు.

ఆవిడ తీసుకుంది. అలవాటు ప్రకారం కొంచెం పైకెత్తి, కొంచెం ఎడమకి వాల్చింది. "అవేమీ అక్కర్లేదమ్మా, ఊరికే తిప్పండి" అన్నాడు. ఆవిడ ఊరికే తిప్పింది. తలుపు తెరుచుకుంది.

ఆవిడ తలుపు మూసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసింది. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. తొమ్మిదోసారి తర్వాత తాళంచెవిని వెనక్కి ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని గోడకానుకుని నిలబడింది.

"అందరూ తిప్పి చూసేదాకా కదలొద్దు" అని మామగారు తాళాలాయన్ని ఆపేశారు. ఇక అక్కడి నుంచి గొడవ మొదలైంది.

మొదట బావగారొచ్చారు. తన తాళంచెవి పెట్టారు. దూరింది, తిరగలేదు. రెండో చెయ్యి కూడా వేశారు.

"ఆగండి, ఆగండి! దీన్నీ చంపుతారా?" అని తాళాలాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేశావయ్యా నువ్వు? పాతవి పడతాయన్నావట!"

"పట్టింది. మీ ఇంటావిడది పట్టింది."

"దానికి తాళం తిప్పడమే రాదు. దానిది ఎలా పడుతుంది?"

మా తోడికోడలు ముందుకొచ్చి, తిప్పి, తెరిచి, మూసి, వెనక్కెళ్ళి నిలబడింది. బావగారు నోరు తెరుచుకుని చూశారు.

ఇంతలో మెట్ల మీద మా ఆయన బూట్ల చప్పుడు. రెండేసి మెట్లు ఎక్కుతూ వస్తాడు, ఆ చప్పుడు నాకు అంతస్తు కింద నుంచే తెలుస్తుంది. చేతిలో ఏదో పొట్లం, మొహమంతా వెలుగు. ఇంత మంది గుమ్మం ముందుండటం చూసి, ఉద్యోగం వచ్చినందుకు అందరూ పోగయ్యారనుకున్నట్టున్నాడు. "అందరూ ఇక్కడే ఉన్నారే!" అన్నాడు.

"నీ తాళంచెవి పెట్టు" అన్నారు బావగారు.

పెట్టాడు. తిరగలేదు.

తాళాలాయన రెండిటినీ తీసుకుని పక్కపక్కన పెట్టాడు. "ఈ రెండూ ఒకటి" అన్నాడు. విరిగిన ముక్క జేబులోంచి తీశాడు. "ఇదీ, పెద్దకోడలిగారి చేతిలోదీ ఒకటి. ఇవి వేరు, అవి వేరు. ఇరవై రెండేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను, ఒకే తలుపుకి రెండు రకాల తాళంచెవులున్న ఇల్లు చూడలేదు. ఇంతకీ పాత తాళం దేంతో తెరుచుకునేది?"

"మా వాటితో" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకేసారి.

"మరి ఇవి దేనివి?"

నేను మా తోడికోడలి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. మెట్ల వైపు చూస్తోంది. గలగల వినబడుతోంది.

అత్తగారు ఆయాసపడుతూ వచ్చారు. "ఏంటీ జాతర? తాళం అయిందా?" అంటూనే గుత్తి తీసి, తన తాళంచెవి పెట్టి తిప్పారు. తిరగలేదు. మామగారిది పెట్టారు. తిరగలేదు. ఒక్కసారి తల ఎత్తారు.

"ఎవరి తాళంచెవి చూసి చేశావు?"

"పెద్దకోడలిగారిదండీ. చిన్నమ్మగారి విరిగిన ముక్కతో పోల్చుకునే..."

"బుద్ధుందా నీకు? ఆ రెండూ అసలు ఈ తాళానివే కాదు! పదేళ్ళ కిందట తీసేసిన పాత తాళానివి! వాటిని చూసి ఎలా..."

అక్కడ ఆగిపోయారు. కానీ మాట వచ్చేసింది. పక్కింటి టీవీలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"అమ్మా" అన్నాడు మా ఆయన, "అంటే నువ్వు వీళ్ళకి ఇచ్చింది..."

"అయితే ఏంటి?" అత్తగారు గొంతు పెంచారు. "నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ చేతిలో ఇల్లు పెట్టేస్తారా ఎవరైనా? మా అత్తగారు నాకు పదకొండేళ్ళు తాళంచెవే ఇవ్వలేదు. నేను ఏదో ఒకటి ఇచ్చాను. చేతిలో ఉంటే మర్యాదగా ఉంటుందని ఇచ్చాను. తప్పా?"

"ఆరేళ్ళత్తయ్యా" అంది మా తోడికోడలు. గట్టిగా అనలేదు. "ఆరేళ్ళు నా చేతికి ఒడుపు లేదన్నారు. మా అమ్మతో చెప్పారు. మీ అక్కగారింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి నవ్వారు. మామగారు నాకు చేతకాదంటారు. మీ అబ్బాయి తాళం తిప్పడం రాదంటాడు. వెంట్రుకవాసి పక్కకి పోకుండా కుట్టు వేస్తుందీ చెయ్యి. ఇంటికొచ్చి రాత్రిళ్ళు దీన్ని చూసుకునేదాన్ని, ఏం రోగమో దీనికని."

మామగారు పేపరు మడతపెట్టడం మొదలుపెట్టారు. మడిచిందే మడుస్తున్నారు.

"నాటకాలాడకు" అన్నారు అత్తగారు. "ఇదిగో తాళాలాయనా, రేపొద్దున వచ్చి నా తాళంచెవికి సరిపోయేలా మార్చు. మార్చాక నాలుగూ నా నడుముకే. ఇక ఎవరి దగ్గరా ఉండవు. నేను మెలకువగా ఉన్నంతసేపు రావచ్చు, పోవచ్చు."

"మరి రెండున్నరకి నేనొస్తే?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మెట్లున్నాయి."

"అమ్మా, నాది ఆమెకిస్తాను" అన్నాడు మా ఆయన. మొహం మాత్రం పొట్లం వైపే దించుకుని ఉన్నాడు, అయినా అన్నాడు. అది చూసి నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"ఇవ్వు నాయనా. ఇచ్చి తిప్పించు చూద్దాం. ఇప్పుడది తిరగదుగా. రేపు తిరిగే వేళకి నా దగ్గరుంటుంది."

తాళాలాయన పెట్టె మూసి భుజానికి తగిలించుకున్నాడు. "ఏ తాళంచెవికి కావాలంటే దానికి మారుస్తాను. కానీ మార్చాలంటే ముందు తలుపు తెరవాలి కదా. తెరిచే తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే నాకు వాళ్ళ మాటే మాట. ముందు మీలో మీరు తేల్చుకోండి."

"నాకొకటి చేసిపెట్టండి" అన్నాను ఆయన వెంటపడి.

"అసలుది కావాలమ్మా. అది ఎవరి దగ్గరుందో వాళ్ళని అడగండి" అని మెట్లు దిగిపోయాడు.

అప్పుడు చూసుకున్నాం అందరం. మేం ఆరుగురం మెట్ల మీదా గుమ్మం ముందూ నిలబడి ఉన్నాం. తలుపు మూసి ఉంది. తెరిచే తాళంచెవి లోకంలో ఒక్కటే ఉంది, అది మా తోడికోడలి గుప్పిట్లో ఉంది.

అత్తగారు చెయ్యి చాపారు. "ఇటివ్వు."

ఆవిడ ఇవ్వలేదు.

"ఇచ్చెయ్యి, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు బావగారు.

"మీరు మాట్లాడకండి. మీ తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికెళ్ళి, అక్కణ్ణుంచి మాట్లాడండి."

"ఏమే, నాకు మోకాళ్ళు లాగుతున్నాయి. తలుపు తియ్యి."

"కూర్చోండత్తయ్యా. మెట్లున్నాయి."

అత్తగారు కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఈ పిల్ల వచ్చాకే వచ్చింది ఇదంతా" అన్నారు నన్ను చూస్తూ. "ఇళ్ళు విరిచే చెయ్యి. రేపు ఉద్యోగానికెళ్ళి ఊరి నీళ్ళు కూడా చెడగొడుతుంది." మామూలుగా అయితే నాకు దానికీ నవ్వొచ్చేది. ఆ పూట రాలేదు.

నేను రెండు మెట్లెక్కి మా తోడికోడలి ముందుకెళ్ళాను.

"అక్కా, నేను ఎల్లుండి పొద్దున ఐదున్నరకి బయల్దేరాలి. నాకొకటి చేయించుకోనిస్తావా?"

"అడగడానికి నోరెలా వచ్చింది నీకు?" ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి గానీ చూపు కత్తిలా ఉంది. "ఆరేళ్ళు నేనీ మెట్ల మీద కూర్చున్నాను. గాలి కోసం అంటే నమ్మి లోపలికెళ్ళిపోయావు. అది కూడా నవ్వుకుంటూ."

"నమ్మలేదక్కా. అడగడానికి భయమేసింది."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఇప్పుడూ వేస్తోంది. అయినా కావాలి."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత మొహం తిప్పేసుకుని, తాళంచెవి పెట్టి, ఊరికే తిప్పింది. తలుపు తెరిచి పక్కకి జరిగి నిలబడింది. మామగారు తలొంచుకుని ముందు వెళ్ళారు. తర్వాత బావగారు. మా ఆయన పొట్లంతో సహా. అత్తగారు గడప మీద ఒక్క క్షణం ఆగి, "తాళాలాయన రేపు తొమ్మిదింటికి రావాలి. నేను కబురు పెడుతున్నాను" అన్నారు.

"తెరిచే తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటానన్నాడాయన. అది నా దగ్గరుంది" అంది మా తోడికోడలు. "రేపు నేను క్లాసుకి సెలవు. తొమ్మిదింటికల్లా నేనూ, ఈ కిలకిలా ఆయన షాపుకెళ్తున్నాం. దీన్ని చూసి ఐదు చేయిస్తాం. ముందు ఈ పిల్లకి. తర్వాత మీ అబ్బాయిలకి, మామగారికి."

"నాకో?"

"మీకూ చేయిస్తామత్తయ్యా. తిరిగేదే చేయిస్తాం."

అత్తగారు లోపలికెళ్ళి తమ గది తలుపు ధడాలున వేసుకున్నారు. నేను "అక్కా" అని ఏదో చెప్పబోయాను.

"చాలు. నీ మీద ప్రేమేమీ పుట్టుకురాలేదు" అంది. "నిన్ను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. రేపు తొమ్మిది అంటే తొమ్మిది. దారిలో నవ్వావంటే ఆ షాపులోనే వదిలేసి వస్తాను."